సముద్రపు ఫ్లైలు సొంతంగా కట్టుకోవాలంటే: హైదరాబాద్‌లో ఏం కొనాలి, ఏది ముందు కట్టాలి

మీరు అడిగింది ఇదీ: ఉండేది హైదరాబాద్. సెలవు దొరికినప్పుడు సూర్యలంక, మచిలీపట్నం, కాకినాడ వైపు వెళ్లి 8 వెయిట్ (ఓ మోస్తరు బలమైన) ఫ్లై రాడ్‌తో పండుగప్ప, మాగ, పార చేపల కోసం వేస్తున్నారు. తెప్పించుకున్న ఫ్లైలు, అంటే హుక్ మీద వెంట్రుకలో ఈకలో కట్టి చేసిన ఉత్తుత్తి ఎరలు, రాళ్లకీ మడ వేళ్లకీ తగులుకుని పోతున్నాయి. మళ్లీ తెప్పించాలంటే ఖర్చూ, వారాల ఎదురుచూపూ. సొంతంగా కట్టుకోవడానికి ఏ కిట్ కొనాలి, ఏ ఫ్లైతో మొదలుపెట్టాలి?

కిట్ కొనకండి. అమ్మకానికి ఉండే కిట్లలో ఎక్కువ భాగం చల్లటి నదుల్లో ట్రౌట్ చేపలు పట్టేవాళ్ల కోసం చేసినవి. వాటిలో వచ్చే 10 నుంచి 16 నంబర్ చిన్న హుక్కులు, సన్న దారం, చిటికెడు చిటికెడు ఊలు మీకు దేనికీ పనికిరావు. మీ డబ్బు మూడు చోట్ల పెట్టండి: హుక్కులు, దారం, 3/0 లాంటి పెద్ద హుక్కును కదలకుండా పట్టే వైస్ (దవడలున్న బిగింపు పనిముట్టు). మిగతా సరుకంతా బేగంబజార్, లాడ్ బజార్, జనరల్ బజార్, కోఠి చుట్టుపక్కలే దొరుకుతుంది, అదీ తెప్పించుకునేదానికన్నా చాలా తక్కువ ఖర్చుకి. ఇక ఫ్లై విషయం: క్లౌజర్ అనే బరువు కళ్ల ఫ్లై ఒక్కటే, ఒకే రంగు, ఒకే సైజు, డజను. ఆ పన్నెండూ ఒక్కలా వచ్చేదాకా రెండో రకం ముట్టుకోవద్దు.

కింద రాసినదాంట్లో కాడ అంటే హుక్ నిటారు భాగం, రింగు అంటే లీడర్ (లైను కొసకి కట్టే సన్నటి నైలాన్ తీగ) ముడి వేసే చోటు, తల అంటే రింగు వెనక దారంతో ముగించే చోటు. కళ్లు అని ఎక్కడ రాసినా అవి ఫ్లైకి కట్టే బరువు కళ్లే.

హుక్కుల సంగతి ముందు. ముస్టాడ్ 34007 స్టెయిన్‌లెస్ ఓషాగ్నెసీ హుక్ దశాబ్దాలుగా సముద్రపు ఫ్లైలకు వాడుతున్నదే. గామకట్సు ఎస్‌ఎల్12ఎస్ దానికన్నా సన్నగా, పదునుగా ఉంటుంది, ఖరీదూ ఎక్కువే. మొదటి డజనుకి 34007 చాలు. సైజు 1/0 తీసుకోండి. పండుగప్పకీ మాగకీ ఓ మోస్తరు పారకీ అది సరిపోతుంది. ఒక్క ఇబ్బంది ఏమిటంటే పెట్టెలోంచి తీసిన 34007 మొన మొద్దుగా ఉంటుంది. హుక్ మొనను బొటనవేలి గోరు మీద ఏటవాలుగా ఆనించి మెల్లగా లాగండి. గోరు మీద గీత పడి ఆగితే పదునుంది, జారిపోతే లేదు. గోళ్లకు వాడే డైమండ్ ఫైల్‌తో మొన వైపు నుంచి వెనక్కి మూడు పక్కలా నాలుగైదు సార్లు రుద్దితే చాలు. ఈ పని కట్టకముందే చెయ్యాలి. కట్టాక చేస్తే వెంట్రుకలూ తెగుతాయి, దారమూ తెగుతుంది. ముల్లును, అంటే మొన కింద వెనక్కి తిరిగిన చిన్న కొక్కేన్ని కూడా పట్టకారుతో అప్పుడే నొక్కేయండి. వైస్‌లో బిగించిన తర్వాత నొక్కేటప్పుడు విరిగిందంటే కట్టిన కష్టమంతా పోతుంది. ముందు విరిగితే పోయేది హుక్ ఒక్కటే.

దారం 210 డెనియర్ (డెనియర్ అంటే దారం లావుకి కొలత) ఫ్లాట్ నైలాన్, తెలుపు. ఇది మెలి లేకుండా పట్టీలా పరుచుకుంటుంది కాబట్టి ఎంత బిగించినా ముద్ద కట్టదు. కొంచెం చెయ్యి తిరిగాక 140 డెనియర్‌కి దిగవచ్చు. మగ్గం వర్క్ దుకాణాల్లో దొరికే మెరుపు దారంతో కానివ్వచ్చా అని చాలామందికి వచ్చే సందేహమే. పాలిస్టర్ అయితే పర్వాలేదు, రేయాన్ అయితే వద్దు. రెండూ చూడటానికి ఒకేలా మెరుస్తాయి. ఒక పోగు కాల్చి చూడండి: రేయాన్ కాగితంలా మండి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. రేయాన్ తడిస్తే బలం బాగా తగ్గిపోతుంది. ఇంట్లో లక్షణంగా బిగిసిన తల సముద్రంలో గంటకే వదులైపోతుంది. మామూలు నూలు కుట్టు దారం అసలు వద్దు, నీళ్లు పీల్చి ఉబ్బుతుంది.

కొత్త దారం పట్టుకున్నప్పుడు ఖాళీ హుక్ మీద కావాలని నాలుగైదు సార్లు తెంపండి. ఎంత లాగితే తెగుతుందో చేతికి తెలిస్తేనే తెగడానికి కాస్త ముందు దాకా లాగి కట్టగలరు. సముద్రపు ఫ్లై గట్టిగా ఉండాలంటే ప్రతి చుట్టూ ఆ బిగువులోనే పడాలి. గట్టిగా లాగకుండానే దారం ఊరికే తెగుతోందంటే తప్పు చేతిది కాకపోవచ్చు, బాబిన్ (దారం రీలు పట్టుకునే పనిముట్టు) గొట్టం అంచుది. చెవులు తుడుచుకునే కాటన్ బడ్‌ను గొట్టం మూతిలో తిప్పి చూడండి. దూది పోగు చిక్కుకుంటే అక్కడ గరుకుంది. ఆ బాబిన్ పక్కన పెట్టి సిరామిక్ మూతి ఉన్నది తెచ్చుకోండి.

వైస్‌కి వేల రూపాయలు పోయక్కర్లేదు. ఎగుమతి కోసం మన దేశంలోనే చవక వైస్‌లు తయారవుతాయి. వాటిలో లోపం ఏమిటంటే దవడల ఉక్కు మెత్తగా ఉండి పెద్ద హుక్కులకు గాట్లు పడతాయి. కొనేముందు 1/0 హుక్ బిగించి కాడ మీద బొటనవేలితో గట్టిగా కిందకి నొక్కండి. హుక్ వంగాలే గానీ దవడల్లో జారకూడదు. తిరిగే రకం అయితే మంచిదే, క్లౌజర్ మధ్యలో తిరగేసి కట్టాలి కాబట్టి. లేకపోయినా హుక్ తీసి తలకిందులుగా బిగించుకోవచ్చు. మిగతా పనిముట్లన్నీ ఇంట్లోవే: ఎంబ్రాయిడరీ కత్తెర, పేల దువ్వెన, గోళ్ల కట్టర్, లావు సూది. తల దగ్గర ముడికి విప్ ఫినిషర్ ఉంటే బాగుంటుంది. అది వచ్చేలోగా రీఫిల్ తీసేసిన బాల్‌పెన్ మూతి మీద దారం మడత వేసి రింగు మీదకి జారిస్తే అర ముడి పడుతుంది. అలాంటివి ఐదారు వేసి జిగురు పెడితే ఆగుతుంది.

ఇక వెంట్రుకలు. అసలు క్లౌజర్‌కి వాడేది బక్‌టెయిల్, అంటే అమెరికా తెల్లతోక జింక తోక వెంట్రుక. ఇక్కడ జింక వెంట్రుక అని ఎవరైనా అమ్మజూపితే చేత్తో ముట్టకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి జంతువుల భాగాలు దగ్గర ఉంచుకోవడమే నేరం. బయటి నుంచి తెప్పించే తోకల పార్శిల్ జంతు ఉత్పత్తి కింద కస్టమ్స్‌లో ఆగిపోయే ప్రమాదమూ ఉంది. అసలు అవసరమే లేదు. సింథటిక్ సవరం తీసుకోండి. ఆడవాళ్ల అలంకరణ సామగ్రి అమ్మే హోల్‌సేల్ దుకాణాల్లో రంగురంగుల పాయలు దొరుకుతాయి. పచ్చ, పసుపు, గులాబీ, నీలం ఫంక్షన్ల కోసం పెట్టుకునే రకం. తెలుపు కాస్త వెతకాలి. పిల్లల ఫ్యాన్సీ డ్రెస్ సరుకు అమ్మే చోట ఋషుల గడ్డాల్లో ఉంటుంది. ఉంగరాలు తిరిగినది కాకుండా తిన్నగా ఉన్నదే ఎంచుకోండి. నిజం జుట్టుతో చేసిన సవరం పనికిరాదు, తడిస్తే వేలాడిపోతుంది. ఇక్కడా కాల్చి చూడటమే పరీక్ష: సింథటిక్ ముడుచుకుని నల్లటి పూస అవుతుంది, నిజం జుట్టు అయితే ఆ కమురు వాసన చెప్పనక్కర్లేదు.

బొమ్మలు కుట్టే బొచ్చు గుడ్డ కూడా బాగా పనిచేస్తుంది, ముఖ్యంగా 5 సెంటీమీటర్ల లోపు చిన్న ఫ్లైలకి. జనరల్ బజార్‌లో పావు మీటరు తీసుకుంటే ఏడాది గడిచిపోతుంది. పైనుంచి కత్తెరతో కత్తిరిస్తే బొచ్చంతా ఒకే పొడవై కుంచెలా మొండిగా తయారవుతుంది. గుడ్డను తిరగేసి వెనక నేతను మాత్రమే బ్లేడుతో చీల్చండి. వెంట్రుక కొసలు సహజంగా సన్నగా ఉన్నవి అలాగే మిగులుతాయి. తర్వాత మొదలు వైపు పట్టుకుని పేల దువ్వెనతో దువ్వితే అడుగున ఉన్న పొట్టి నూగు రాలిపోతుంది. దువ్వకుండా కడితే ఆ నూగు తల దగ్గర ముద్ద కడుతుంది.

మెరుపు కోసం జరీ. చార్మినార్ చుట్టూ జరీ కొనడం ఎంత తేలికో తప్పు జరీ కొనడమూ అంతే తేలిక. వెండి పూత, రాగి తీగ ఉన్న జరీ ఉప్పునీళ్లలో నల్లబడుతుంది. ప్లాస్టిక్ పొరతో చేసిన నకిలీ జరీయే మనకి మేలు. పట్టుచీర కొనేటప్పుడు భయపడేదాన్ని ఇక్కడ అడిగి మరీ తీసుకోవాలన్నమాట.

బరువు కళ్లకి రెండు దారులున్నాయి. సీసం డంబెల్ కళ్లు తెప్పించుకుంటే 0.8 గ్రాముల జత 1/0 హుక్కుకి సరిగ్గా ఉంటుంది. 1.2 గ్రాములు దాటితే 8 వెయిట్ రాడ్‌తో విసరడం కష్టం, విసిరినప్పుడు అది రాడ్‌కి తగిలితే కార్బన్ దెబ్బతింటుంది. రెండోది బాల్ చైన్: రోలర్ కర్టెన్‌లకి లాగే పూసల గొలుసు. 4 మిల్లీమీటర్లది కొని గోళ్ల కట్టర్‌తో రెండేసి పూసలు తుంచండి. కొనేటప్పుడు అయస్కాంతం తీసుకెళ్లండి. గట్టిగా అతుక్కుంటే ఇనుము మీద పూత, రెండు ట్రిప్పులకే తుప్పు పడుతుంది. బాల్ చైన్ పూసలు లోపల డొల్ల కాబట్టి తేలిక. మోకాలి లోతు నీళ్లకి అదే మంచిది. ఇంకా బరువు కావాలంటే కోఠి గుజరాతీ గల్లీలో దొరికే 0.8 మిల్లీమీటర్ల టంకం తీగ కాడకి చుట్టండి. పది చుట్లకి సుమారు పావు గ్రాము పెరుగుతుంది. దాన్లో సీసం ఉంటుంది, చుట్టాక చేతులు కడుక్కున్నాకే టీ తాగండి.

బజారులో కొన్న ప్రతి మెరిసే వస్తువునీ ఒక పరీక్షకి పెట్టండి. సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. లీటరు నీళ్లలో అంత ఉప్పు కలిపి, జరీ ముక్క, పూసలు, రంగు వేసిన వెంట్రుకలు రెండు రోజులు నానబెట్టండి. రంగు దిగినా నల్లబడినా అది మీ ఫ్లైకి పనికిరాదు. ఇంత చిన్న పని చాలా డబ్బు మిగులుస్తుంది.

ఇప్పుడు క్లౌజర్. 1980ల్లో పెన్సిల్వేనియాకి చెందిన బాబ్ క్లౌజర్ సస్క్వెహానా నదిలో బాస్ చేపల కోసం కట్టిన ఫ్లై ఇది. తర్వాత సముద్రంలోనే ఎక్కువ పేరు తెచ్చుకుంది. దీన్నే ముందు కట్టమనడానికి కారణం, ఇందులో మెళకువలు మూడే: కళ్లు కదలకుండా కట్టడం, పాయను కాడ చుట్టూ తిరక్కుండా ఆపడం, తలను చిన్నగా ముగించడం. ఏ సముద్రపు ఫ్లైకైనా ఈ మూడే పునాది. పైగా నీళ్లలో మొన పైకి తిరిగి నడుస్తుంది కాబట్టి మడ వేళ్లలో, రాళ్లలో తక్కువ తగులుకుంటుంది. మీ ఫ్లైలు పోతున్నది అక్కడే కదా.

హుక్ మామూలుగా, మొన కిందకి ఉండేలా బిగించండి. రింగు వెనక రెండు రింగుల వెడల్పు ఖాళీ వదిలి దారం మొదలుపెట్టి కాడ సగం దాకా పక్కపక్కనే చుట్టుకుంటూ వెళ్లి వెనక్కి రండి. నున్నటి స్టెయిన్‌లెస్ మీద ఈ పరుపు లేకపోతే కళ్లు గుండ్రంగా తిరిగిపోతాయి. కాడ పొడవులో రింగు నుంచి మూడో వంతు దూరంలో, కాడ పైభాగాన కళ్లను అడ్డంగా పెట్టండి. ముందు ఒక మూల నుంచి మరో మూలకి ఐదారు చుట్లు, తర్వాత ఎదురు మూలల మీదుగా ఐదారు. ఇంకోసారి అలాగే. ఇప్పటికీ కళ్లు వేలితో తోస్తే కదులుతాయి. కదలకుండా చేసేది దీని తర్వాతి పని: దారాన్ని కాడ మీదుగా కాకుండా, కళ్లకూ కాడకూ మధ్య సందులో అడ్డంగా, తిరగలి తిరిగినట్టు గుండ్రంగా ఎనిమిది పది చుట్లు తిప్పి లాగండి. మొదట వేసిన ఇంటూ గుర్తు చుట్లన్నీ దీంతో నడుము దగ్గర బిగుస్తాయి. అప్పుడు ఫెవిక్విక్ ఒక్క చుక్క, సూది కొసతో. సీసా మూతి నుంచి నేరుగా పిండితే రింగు దాకా పారుతుంది. ఆరాక కళ్లు పట్టుకుని మెలితిప్పి చూడండి. కదిలితే విప్పేసి మళ్లీ కట్టండి, పైన వెంట్రుకలు వేసేస్తే ఇక సరిచేయలేరు.

తెల్ల పాయ. ఇక్కడే అందరూ చేసే పొరపాటు: ఎక్కువ వెయ్యడం. వేళ్లతో గట్టిగా నలిపి పట్టుకుంటే అగ్గిపుల్ల మందం ఉండాలి, అంతకు మించి వద్దు. పొడిగా ఉన్నప్పుడు ఫ్లై బక్కగా, ఇంతేనా అనిపిస్తే అది సరైన కొలత. లావుగా కట్టింది నీళ్లు పట్టుకుని నెమ్మదిగా మునుగుతుంది, విసిరేటప్పుడు గాలిని తంతుంది, చేపకి నెత్తళ్ల మాదిరిగా కాక బ్రష్ మాదిరిగా కనిపిస్తుంది. పాయ పొడవు కాడకి రెండున్నర రెట్లు, మొత్తం ఫ్లై 7, 8 సెంటీమీటర్లు వస్తుంది. కళ్లకి ముందు, రింగు వెనక వదిలిన ఖాళీకి కొంచెం ఇవతల, కాడ పైన పాయ మొదలు ఆనించండి. వేళ్ల మధ్య పాయనూ కాడనూ కలిపి చిదిమి పట్టుకుని, రెండు చుట్లు వదులుగా వేసి, మూడోది నేరుగా పైకి లాగండి. పక్కకి లాగితే పాయ కాడ చుట్టూ తిరిగిపోతుంది. ఇలా బిగించాక పాయను కళ్ల మధ్య పల్లం మీదుగా వెనక్కి వేసి, కళ్ల వెనక నాలుగు చుట్లతో అణచండి. ఇక్కడ మరీ బిగించకండి, వెంట్రుకలు విచ్చుకుని లేస్తాయి.

ఇప్పుడు హుక్ తిరగెయ్యండి, మొన పైకి. కళ్ల ముందు, మొన ఉన్న వైపు, ఎనిమిది పది జరీ పోగులు పెట్టి పాయకన్నా ఒక సెంటీమీటరు పొడవు వదలండి. దాని మీద ఆకుపచ్చ పసుపు కలిసిన రంగు పాయ, మళ్లీ అదే మందం. ఈ పాయను కళ్ల వెనక కట్టకూడదు, మొనకి రెండు పక్కలా స్వేచ్ఛగా వెనక్కి వాలాలి. సవరం పోగులు నున్నగా ఉండి దారం కింద నుంచి జారుతాయి కాబట్టి ఒక చిట్కా: సగం మందం, రెట్టింపు పొడవు పాయ తీసుకుని దాని నడిమధ్యలో కట్టండి. ముందుకి ఉన్న సగాన్ని వెనక్కి మడిచి పైన మళ్లీ కట్టండి. అప్పుడు చేప పళ్లతో లాగినా ఒక్క పోగు ఊడదు.

మిగిలిన కొసలు ఏటవాలుగా కత్తిరించి, రింగు వైపు సన్నబడేలా తల చుట్టి, విప్ ఫినిష్ రెండు సార్లు, ఒక్కోటీ ఐదు చుట్లు. దారం కోసి పారదర్శక నెయిల్ పాలిష్ రెండు పూతలు, మధ్యలో గంట ఆరబెట్టి. యూవీ వెలుతురుకి గట్టిపడే జిగురు, యూవీ రెసిన్ వాడితే మరీ మంచిది. 365 నానోమీటర్ల టార్చ్ దానికి చాలు. రెసిన్‌తో పనిచేసేటప్పుడు కిటికీ పక్కన కూర్చోకండి, మన ఎండకి సీసా మూతి దగ్గరే గట్టిపడిపోతుంది. ఫెవిక్విక్‌ను పైపూతగా వాడొద్దు. వానాకాలంలో తెల్లటి పొగలాంటి మచ్చ వేస్తుంది, రాయికి తగిలితే పెంకులా పగులుతుంది.

ఏం తప్పిందో ఫ్లై చూస్తే తెలిసిపోతుంది. రింగు మూసుకుపోయిందంటే కళ్లు ముందుకి కట్టారు, లేదా మొదట వదిలిన రెండు రింగుల ఖాళీని ఆక్రమించారు. ఈ తప్పు ఇంట్లో కనబడదు, చీకట్లో ఒడ్డున నిలబడి 0.40 మిల్లీమీటర్ల లీడర్ ఎక్కించబోయినప్పుడు కనబడుతుంది. సూది గుచ్చి అప్పుడే శుభ్రం చేసుకోండి. తోక వెళ్లి హుక్ వంపుకి చుట్టుకుంటోందా, పాయ మరీ పొడవు లేదా మరీ మెత్తన. కాడకి మూడు రెట్లు దాటించకండి. అప్పటికీ చుట్టుకుంటే తెల్ల పాయ మొదటి సెంటీమీటరుకి రెసిన్ పల్చగా రాసి గట్టిపరచండి. కొసలు చీపురు కొట్టినట్టు సమానంగా ఉన్నాయా, కత్తెరను అడ్డంగా వాడారు. కత్తెరను పోగుల వెంట నిలువుగా జారుస్తూ కొద్దికొద్దిగా తీయాలి.

హైదరాబాద్‌లో సముద్రం లేకపోతేనేం, డాబా మీద నీళ్ల డ్రమ్ ఉంటుంది. మీటరు లీడర్ కట్టి, ఫ్లైని ముందు తడిపి పిండి లోపలి గాలి పోయాక, డ్రమ్‌లో లాగి వదలండి. తల ముందు దిగాలి, మొన పైకి ఉండాలి, లాగితే ముక్కు లేచి వదిలితే పడాలి. పక్కకి ఒరిగి మునుగుతోందంటే కళ్లు కాడకి సరిగ్గా అడ్డంగా లేవు, లేదా రంగు పాయ ఒకే పక్కన కూర్చుంది. మొన కిందకే ఉంటే బరువు చాలలేదు. బాల్ చైన్ మీద 1/0 హుక్ కట్టినవాళ్లకి ఇదే ఎదురవుతుంది. టంకం తీగ పది చుట్లు కళ్లకి ఆనించి వెయ్యండి, లేదా ఇంకా చిన్నదైన 2 నంబర్ హుక్‌కి దిగండి.

చెడినవి పారెయ్యకండి. తల మీద బ్లేడు నిలువుగా గీస్తే అంతా ఊడి హుక్, కళ్లు తిరిగి చేతికొస్తాయి. పోయేది అర్ధ రూపాయి సవరం.

డజను ఒక్కలా వచ్చాక రెండోదిగా డిసీవర్ అనే ఈకల ఫ్లై. లెఫ్టీ క్రే కట్టిన ఈ ఫ్లైకి 1991లో అమెరికా తపాలా బిళ్ల కూడా వచ్చింది. కళ్ల బరువు ఉండదు, నీటి పైభాగాన కవళ్ల గుంపు మీద వేటాడే చేపలకి సరిపోతుంది. దీనికి కావలసింది పుంజు ఈకలు. ఇందులో మనవాళ్లది అదృష్టమే. బ్రాయిలర్ ఈక పనికిరాదు, ఐదారు వారాలకే కోసే పిల్లకి పొడవైన ఈక ఎక్కడిది? నాటుకోడి దుకాణంలో ముదురు పుంజు కోసే రోజు కనుక్కుని వెళ్లండి. మెడ మీదివీ, నడుము నుంచి తోక పక్కలకి జారే సన్నటి పొడుగు ఈకలూ వేడినీళ్లలో ముంచకముందే పీకి ఇమ్మని అడగండి. తోలుతో వద్దు, పురుగు పడుతుంది. సంక్రాంతి ముందూ వెనకా గోదావరి జిల్లాల్లో చుట్టాలుంటే చెప్పి ఉంచండి: సేతువ పుంజు అయితే తెల్లవి, కాకి పుంజు అయితే నల్లవి, ఏ రంగూ వేయక్కర్లేదు.

తెచ్చిన ఈకల్ని గిన్నెలు కడిగే లిక్విడ్ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో గంట నానబెట్టి, కడిగి, నీడన ఆరబెట్టి, జిప్ కవర్‌లో వేసి ఫ్రీజర్‌లో మూడు రోజులు, బయట ఒక రోజు, మళ్లీ మూడు రోజులు. బయట పెట్టిన రోజున పొదిగిన పురుగుల్ని రెండో చలి చంపుతుంది. కవర్ మీద ఏముందో రాసిపెట్టండి, లేకపోతే ఇంట్లో గొడవే. రంగు కావాలంటే కిరాణా కొట్టు మిఠాయి రంగే చాలు. లీటరు నీళ్లకి 50 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్, పావు చెంచా నిమ్మపసుపు రంగు, సూది మొనంత ఆకుపచ్చ. పొయ్యి సన్నం చేసి, మరగనివ్వకుండా 20 నిమిషాలు. ఈక జిడ్డు పూర్తిగా పోకపోతే మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఈ రంగు ఈకకే అంటుతుంది, సవరానికి అంటదు.

డిసీవర్ కట్టడంలో సూక్ష్మం ఒక్కటే. ఆరు ఈకలు తీసుకుని మూడూ మూడూ జతచేసి, లోపలి వంపులు ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా వంపు మొదట్లో కట్టాలి. వంపులు బయటికి పెడితే తోక కత్తెరలా విడిపోతుంది. ఈక కాడ గుండ్రంగా ఉండి దారం కింద దొర్లుతుంది కాబట్టి కట్టే చోట పట్టకారుతో నొక్కి చదును చేసుకోండి. ముందు భాగాన చుట్టూ కట్టే వెంట్రుక కాలర్, ఈకలు కట్టిన చోటు దాటి వెనక్కి రావాలి. ఈకలు వంపుకి చుట్టుకోకుండా ఆపేది ఆ కాలరే. దాన్ని పొట్టిగా కట్టి తర్వాత ఈకల్ని తిట్టుకునేవాళ్లే ఎక్కువ.

రంగుల మీద బుర్ర పాడుచేసుకోకండి. నీళ్లు తేటగా ఉంటే తెలుపు మీద ఆకుపచ్చ లేదా నీలం. కృష్ణా గోదావరి ముఖద్వారాల దగ్గర ఏళ్లు పొంగి బురదగా ఉన్న రోజుల్లో నలుపు, లేదా నలుపు మీద ఊదా. మసక నీళ్లలో చేప చూసేది నీడనే. రొయ్య తినే చోట గోధుమ, నారింజ బొచ్చు గుడ్డతో 5 సెంటీమీటర్ల క్లౌజర్, అదే పద్ధతి.

క్లౌజర్‌ని లీడర్‌కి బిగువు ముడితో కట్టకండి, లూప్ ముడి వెయ్యండి. రింగు బిగుసుకుంటే ముక్కు ఊగదు. ఇంటికొచ్చాక వాడిన ఫ్లైలన్నీ మంచినీళ్లలో ముంచి, రాత్రంతా ఫ్యాను కింద ఆరబెట్టాకే పెట్టెలో పెట్టండి. ఒక్కటి తడిగా వెళ్తే దాని తుప్పు పక్కవాటి తెల్ల పాయల మీద గోధుమ మరకై కూర్చుంటుంది. మందుబిళ్లల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు అందులో వేసి ఉంచండి, జులై నుంచి అక్టోబరు దాకా అవి తప్పనిసరి.